మెరక మీద చోటు

పోయిన ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే మా సంఘం కొత్త కార్యదర్శి నన్ను మెట్ల దగ్గర ఆపాడు. మండలాఫీసులో ఉద్యోగం. సంఘం పాత పుస్తకాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించే పని నెత్తిన వేసుకున్నాడు. చంకలో సమాధుల రిజిస్టరు ఉంది. దాని వెన్నుకి ఎప్పుడో నేను అంటించిన ఖాకీ కాగితం ఇంకా ఊడలేదు.

"మాస్టారూ, చిన్న సందేహమండీ. తొంభై ఆరు తుఫానప్పుడు పోయినావిడ పేరు రెండువేల ఆరులో రాసుందేంటండీ? ఇది మీ రాతేనండి."

"ఆయ్, నాదేనండి."

"పొరపాటున పడిందా అండీ? తేదీల వరసలో వెనక్కి పెట్టెయ్యమంటారా?"

రెండు రోజులు గడువు అడిగాను. "ఒక్క లైనుకి రెండ్రోజులెందుకండీ" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆ ఒక్క లైను రాయడానికి నాకు పదేళ్ళు పట్టింది. దాని కింది లైనులో ఉన్న మనిషి బతికున్నంతకాలం నేను దాన్ని రాయలేదు.

ఆ కింది లైనులో ఉన్నావిడ పేరు ఇక్కడ రాయను. మా ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు కూడా. చర్చిలోనూ, కాలవ రేవులోనూ, రేషను డిపో దగ్గరా అందరికీ దొడ్డమ్మగారే. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. నన్ను మాత్రం ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. మాస్టారూ అనేవారు. కోపం వస్తే సెక్రటరీగారూ అనేవారు.

నాకు పదహారో ఏటి నుంచి డైరీ రాసే అలవాటు ఉంది. వాతావరణం, బడిలో జరిగిన సంగతి, ఆదివారమైతే ప్రసంగం ఎవరు చేశారు, ఎంతసేపు చేశారు. ఈ రెండు రోజులూ ట్రంకుపెట్టెలోంచి పాత డైరీలు తీసి, ఆవిడ కనిపించిన పేజీల్లో కాగితం ముక్కలు పెట్టుకుంటూ వచ్చాను. చాలా పేజీల్లో ఉన్నది ఒక్క వాక్యమే. "దొడ్డమ్మగారు గంట కొట్టకముందే వచ్చి కూర్చున్నారు." ఆ వాక్యం లేని ఆదివారాలు బహుతక్కువ.

కూర్చునేది తూర్పు కిటికీ కింద, నేల మీద. చర్చిలో బల్లలు వేయించాక కూడా ఆవిడ బల్ల ఎక్కలేదు. "కాళ్ళు వేలాడుతుంటే నాకు ప్రార్థన కుదరదండీ" అనేవారు. గంజి పెట్టిన తెల్ల నేతచీర, దారంతో చెవికి బిగించుకున్న కళ్ళజోడు, పాత తువ్వాలు ముక్కలో చుట్టిన బైబిలు, తాటాకు విసనకర్ర. ప్రసంగం నలభై నిమిషాలు దాటితే విసనకర్ర కాడ నేలకి తగిలి టక్కుమనేది. ఊరికి కొత్తగా వచ్చిన ఒక పాస్టరుగారు ఆ టక్కు అర్థం తెలియక ఇంకో పావుగంట లాగారు. ఆరాధన అయ్యాక దొడ్డమ్మగారు ఆయన రెండు చేతులూ పట్టుకుని, "ఎంత మంచి మాటలు చెప్పేరండీ అయ్యగారూ! సగం వచ్చేవారానికి దాచుకోవాల్సింది" అన్నారు. ఆ పాస్టరుగారు మా ఊళ్ళో ఉన్న నాలుగేళ్ళూ మళ్ళీ నలభై నిమిషాలు దాటలేదు. నా డైరీలో నిమిషాలతో సహా ఉంది.

ఆవిడ ప్రార్థన చేస్తే ఊరంతా వరసగా కదిలివచ్చేది. కాలవ గట్టు మొదటి ఇంటి దగ్గర మొదలుపెట్టి, వీధి వీధీ తిరిగి, జ్వరాలూ పరీక్షలూ ఈనబోయే గేదెలూ ఏదీ విడిచిపెట్టకుండా చివరి కొబ్బరితోట దగ్గర ఆపేవారు. ఒక వారం మా ఇల్లు దాటేసి పక్కింటికి వెళ్ళిపోయారు. బయటికొచ్చాక సరదాకి అడిగాను. "మీ ఇంట్లో ఈవారం అందరూ బాగానే ఉన్నారు కదండీ. ఉత్తినే దేవుణ్ణి ఆపడం ఎందుకు?" అన్నారు.

నా డైరీ సంగతి ఆవిడకి తెలుసు.

"ఏమండీ మాస్టారూ, నా గురించి ఏం రాసేరు ఈవేళ?"

"గంటకి ముందే వచ్చారని రాశానండి."

"నిన్న మా కోడలి మీద అరిచేను. అది రాయలేదా?"

"నాకు తెలియదు కదండీ."

"ఇప్పుడు తెలిసింది కదా. రాసుకోండి. పైన అడిగితే మీ పుస్తకమే చూపిస్తాను."

వేళాకోళంలా ఉండేది కానీ, రాత మీద ఆవిడకి నిజంగానే నమ్మకం. ఆవిడ తండ్రి జీవితమంతా పాలేరుగా ఉండి పోయిన మనిషి. ఒకసారి, ఒక్కసారే, నాతో అన్నారు. "మా నాన్న పేరు రాసున్న కాగితం ఈ భూమ్మీద ఒక్కటీ లేదండీ. వెతికేను. మీరు చేసే పని చిన్నదనుకోకండి." ఆ మాట తు.చ. తప్పకుండా ఆ రోజు పేజీలో రాసి పెట్టుకున్నాను. రాసిపెట్టుకుని కూడా ఏం చేశానో ముందుముందు చెబుతాను.

శనివారం సాయంత్రాలు పిడికెడు బియ్యానికి వెళ్ళేవాళ్ళం. మా సంఘంలో ప్రతి ఇంట్లోనూ వంటకి బియ్యం కొలిచాక, కడగబోయేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. వారమంతా అలా పోగైన బియ్యం చర్చికి వస్తుంది, అక్కడి నుంచి ఇంట్లో పొయ్యి వెలగనివాళ్ళకి వెళుతుంది. కుండలు చూసి బియ్యం పోగుచేసే పని దొడ్డమ్మగారిది, రాసుకునే పని నాది. ఆవిడ కుండలోకి తొంగిచూసి, లోపల చెయ్యిపెట్టి, ఇంటి కోడలి వైపు తిరిగేవారు.

"ఏమే, మొన్నే కదా పెళ్ళయింది, అప్పుడే నీ పిడికెడు ఇంతయిపోయిందా?"

"మా అత్తగారి చెయ్యి చిన్నదండీ దొడ్డమ్మగారూ, నాది కాదండీ."

"మీ అత్త చెయ్యి నాకు తెలుసు. నా వీపు మీద పడింది చిన్నప్పుడు."

అందరూ నవ్వేవారు. కానీ కొన్ని ఇళ్ళలో కుండలోకి చూశాక ఏమీ అనేవారు కాదు. చేతిలోని సంచి కుండ మీదికి వంచి, లోపలి బియ్యం అందులో పోసి, వీధిలోకి వినబడేలా, "ఆయ్, మీ కుండ నిండుగా ఉందర్రా" అంటూ బయటికి వచ్చేసేవారు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇబ్బంది వేసింది.

"ఈ ఇంటికి ఏం రాయమంటారండీ?"

"నిండుగా అని రాయండి."

"అది నిజం కాదు కదండీ."

"లోపలికెళ్ళి చూసి రండి సెక్రటరీగారూ, నిండుగా ఉందో లేదో."

వెళ్ళి చూడలేదు. నిండుగా అని రాశాను.

ఊళ్ళో ఎవరు పోయినా ఆవిడ తెచ్చేది పువ్వులు కాదు, తాటాకు చాప. దాని అవసరం మా ప్రాంతం నేల తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. కోనసీమలో మూడడుగులు తవ్వితే ఊట పైకొస్తుంది. మా సమాధుల తోటలో కొంత మెరక, చాలామటుకు పల్లం. మెరక మీద చోట్లు కుటుంబాలవారీగా పంచేసి ఉన్నాయి, ఎవరి చోటు ఎక్కడో నిబంధనల పుస్తకంలో గీసి ఉంది. చోటు లేనివాళ్ళు పల్లంలోకి వెళ్ళాలి. వానాకాలంలో పల్లంలో గొయ్యి తీస్తే ఇద్దరు మనుషులు బకెట్లతో తోడుతూనే ఉండాలి, పాస్టరుగారు ప్రార్థన తొందరగా ముగించాలి. దొడ్డమ్మగారు తాటాకులు చీల్చి, చేత్తో అల్లిన చాప చంకన పెట్టుకుని వచ్చేవారు. పెట్టె దించబోయేముందు చేతికర్రతో గొయ్యి అడుగు పొడిచి చూసి, "ఆగండి. చిత్తడిలో పడుకోబెట్టకండి" అనేవారు. చాప పరిచాకే పెట్టె దిగేది. ఆ చాప మీదికి క్షణంలో నీళ్ళు వచ్చేస్తాయని ఆవిడకీ తెలుసు. ఒక చాప అయిపోగానే ఇంకోటి అల్లి అటక మీద పెట్టుకునేవారు. అది ఎవరికో ఆవిడా అనలేదు, మేమూ అడగలేదు.

ఆవిడ భర్త, ఆయనా బడిపంతులే, తుఫానుకి పదేళ్ళ ముందు పోయారు. ఆయన్ని మెరక మీద పెట్టాం. ఆయన ఎడమపక్కన చోటు దొడ్డమ్మగారిది.

ఇక పై లైనులో ఉన్న సత్యవతి గురించి. ఆ పేరు అప్పట్లో నాకు తెలియదు. అందరికీ ఎండుచేపలావిడే. అల్లవరం అవతల సముద్రం ఒడ్డు నుంచి నెత్తి మీద మెత్తళ్ళ బుట్టతో నడిచి వచ్చేది. ఆదివారం పొద్దున్న మా ఊరు చేరేసరికి ఆరాధన మొదలయ్యేది. బుట్ట దించుకుని చర్చి అరుగు మీద, గోడకి ఆనుకుని కూర్చునేది.

"లోపలికి రావే" అనేవారు దొడ్డమ్మగారు.

"బుట్ట కంపు కొడతందండీ అమ్మా. ఇక్కడికి ఇనపడతందండి. ఆయ్."

ఆ అరుగు తూర్పు కిటికీ అవతలే. చదువురాని మనిషికి కీర్తన ఎలా వస్తుంది? దొడ్డమ్మగారు ఒక్కొక్క చరణం ముందుగా కిటికీలోంచి చెప్పేవారు, అవతలి నుంచి ఆ గొంతు అందుకునేది. ఏళ్ళ తరబడి వింటున్నా, దొడ్డమ్మగారు బల్ల మీదికి ఎందుకు రావడం లేదో నాకు తట్టలేదు.

తొంభై ఆరు నవంబరు. సమాధుల పండుగకి సున్నాలు వేసి, పువ్వులు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి నాలుగు రోజులైంది. తుఫాను వచ్చింది. దాని గురించి చాలామంది చెప్పారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. తెల్లారేసరికి మా ఊళ్ళో నిలబడి ఉన్న కొబ్బరిచెట్లు కొన్నే. చర్చి కప్పు స్లాబు కాబట్టి మిగిలింది, ఊళ్ళో సగంమంది అందులోనే ఉన్నాం. ఆ వేళకి మా ఊళ్ళో చిక్కుబడిపోయిన సత్యవతి కూడా తడిసి ముద్దయి వచ్చింది. అరుగు మీద నిలబడే వీలు లేక ఆ రోజు మొదటిసారి లోపలికి అడుగుపెట్టింది. అప్పటికే జ్వరం. మూడో రోజు పొద్దున్న దొడ్డమ్మగారి ఒళ్ళో తలపెట్టుకుని పోయింది.

పాస్టరుగారు కాకినాడ సమావేశానికి వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయారు. అప్పుడు సంఘం కార్యదర్శిని కాబట్టి నిర్ణయించాల్సింది నేనే. దొడ్డమ్మగారు నన్ను అరుగు మీదికి పిలిచారు.

"ఈవిణ్ణి ఈ పూట మట్టిచెయ్యాలండీ మాస్టారూ."

"మన రిజిస్టరులో లేని మనిషండీ. బాప్తిస్మం కూడా కాలేదు. పుస్తకం ప్రకారం మన తోటలో చోటివ్వడానికి వీల్లేదండీ. వాళ్ళవాళ్ళకి కబురు చేద్దాం."

"ఎలా చేస్తారు? అల్లవరం దారి కనపడతందా మీకు?"

కనపడడం లేదు. రోడ్డు మీద చెట్ల మీద చెట్లు పడి ఉన్నాయి.

"సరేనండీ, పల్లంలో పెడదామన్నా అక్కడ మొలలోతు నీళ్ళండీ."

"మెరక మీద?"

"మెరక మీద ఖాళీ ఎక్కడుందండీ? అన్నీ ఎవరెవరివో రాసేసి ఉన్నాయి."

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "నాది ఎక్కడ రాసేరు?"

"మీవారి పక్కనేనండి. ఎడమవైపు."

"అది నాదేనా?"

"మీదేనండి."

"నాదైతే నేనిచ్చుకుంటాను. పదండి."

 తన చోటు ఇంకొకరికి ఇచ్చుకోకూడదనే నిబంధన కోసం మనసులోనే పుస్తకమంతా వెతికాను, ఎవరూ అలాంటిది రాయలేదు. "మరి మీరండీ?" అన్నాను.

"నేనేంటి? పల్లంలో ఎంతమందిని పడుకోబెట్టేను! నన్ను వద్దంటారా వాళ్ళు? చాప ఉంది కదా."

పడిపోయిన చెట్లు నరుక్కుంటూ పైఊళ్ళ నుంచి వచ్చిన కూలీలు ఇద్దరు గొయ్యి తీశారు. పెట్టె లేదు. దొడ్డమ్మగారి చీరలో చుట్టి, ఆవిడ అటక మీది చాప పరిచి దించాం. ప్రార్థన ఆవిడే చేశారు. ఆ రోజు ఊళ్ళో ఎవరి కూలిన ఇల్లు వాళ్ళది, మా వెంట ఎవరూ రాలేదు. కాలవ గట్టున ఎక్కడో పెట్టి ఉంటారని అందరూ అనుకున్నారు. మట్టి ఉబ్బెత్తుగా కనపడకుండా సమంగా చదును చేయించారు దొడ్డమ్మగారు.

చర్చి గదిలో రిజిస్టరు తడిసిపోయి, విడదీసిన పేజీలు ఇటుకల కింద ఆరుతున్నాయి. నా డైరీ ఒక్కటే నూనెగుడ్డలో పొడిగా ఉంది. అది తెరిచి రిజిస్టరు గడులు గీశాను.

"ఇందులో రాసి సంతకం తీసుకుంటానండీ. పేజీలు ఆరాక అందులోకి ఎక్కిస్తాను. పేరు?"

"సత్యవతి."

"సంబంధం అని ఒక గడి ఉందండీ. ఏం రాయమంటారు?"

"చెల్లెలు అని రాయండి."

"అలా ఎలాగండీ..."

"మరేం రాస్తారు? చేపలావిడ అనా?"

రాశాను. దాని ఎదురుగా, సంబంధీకుల గడిలో, "అక్క" అని రాసి ఆవిడే సంతకం పెట్టారు. వెళుతూ, "మా పెద్దోడికి నేను చెబుతాను. మీరు తొందరపడకండి" అన్నారు.

దారి తెరిచాక కబురు పంపినా సత్యవతి కోసం ఎవరూ రాలేదు. రిజిస్టరు పది రోజుల్లో ఆరిపోయింది. నేను ఎక్కించలేదు. సభ్యత్వం లేని మనిషికి మెరక మీద చోటిచ్చారని పై కమిటీ అడిగితే ఏం చెప్పాలో తెలియక మొదటి నెల వాయిదా వేశాను. తర్వాత ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని అడుగుతారేమోనని వాయిదా వేశాను. ఆ రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదని నాకు గర్వంగా ఉండేది. ఇంతకుమించి నాకు సాకు లేదు.

దొడ్డమ్మగారు కొడుక్కి చెప్పలేకపోయారు. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దబ్బాయిగారు, ఒక వేసవిలో నల్లరాతి పలక చేయించి తీసుకొచ్చారు. తండ్రి సమాధినీ పక్క చోటునీ కలిపి ఇటుకలతో కట్టించి, దాని మీద పరిపించారు. తండ్రి పేరూ తేదీలూ ఒకపక్క. రెండోపక్క తల్లి పేరు, కింద తేదీకి వదిలిన ఖాళీ. ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నువ్వు చూస్తుండగానే చేయించాలనుకున్నానమ్మా" అన్నారు. దొడ్డమ్మగారు కొడుకు తల నిమిరారు. నేను పక్కనే నిలబడి టీ తాగుతున్నాను. తిరిగి వస్తుంటే నెమ్మదిగా నాతో అన్నారు. "వాడి మొహం చూసేరా? ఇప్పుడెలా చెప్పనండీ."

అప్పటి నుంచి ప్రతి సమాధుల పండుగకీ ఆవిడ రెండు కొవ్వొత్తులు తెచ్చేవారు. ఒకటి భర్త పేరు దగ్గర, రెండోది తన పేరు దగ్గర. మనవలు పకపక నవ్వేవారు.

"నీ సమాధికి నువ్వే వెలిగించుకుంటావేంటి మామ్మా!"

"అలవాటు చేసుకుంటున్నానర్రా" అనేవారు. గాలికి ఆరిపోకుండా రెండోదాని చుట్టూ చేతులు అడ్డుపెట్టి చాలాసేపు కూర్చునేవారు. నేను దూరం నుంచి చూసి ఇంటికి పోయి డైరీ రాసుకునేవాణ్ణి.

చివరి ఏడు ఆవిడ చర్చికి రాలేకపోయారు. ఆదివారం మధ్యాహ్నం నేనే వెళ్ళి ప్రసంగం ఎన్ని నిమిషాలు సాగిందో చెప్పేవాణ్ణి. ఒకసారి మంచం మీద పక్కకి తిరిగి అడిగారు.

"మాస్టారూ, సత్యవతిని పుస్తకంలోకి ఎక్కించేరు కదా?"

"ఆయ్. ఎక్కించానండి."

"మీరు రాసేరంటే ఇంక పరవాలేదు" అని కళ్ళు మూసుకున్నారు.

ఆ రోజు నా డైరీలో వాతావరణం తప్ప ఏమీ లేదు.

ఆగస్టులో పోయారు. ఎనభై ఎనిమిదేళ్ళు. వారం రోజులుగా వాన. పొద్దున్నే పెద్దబ్బాయిగారు నాకు కబురు చేశారు. పలక ఎత్తడానికి మనుషులు వస్తున్నారనీ, సంఘం తరఫున నేను దగ్గరుండాలనీ. తొంభై ఆరు డైరీ నూనెగుడ్డలో చుట్టుకుని వెళ్ళాను. షామియానా కింద జనం. ఆయన్ని పెరటివైపు పిలిచి, నిలబడే అంతా చెప్పాను. ఆయన భార్య కూడా గుమ్మంలోకి వచ్చి వింది.

మొదట ఆయన నమ్మలేదు. "రిజిస్టరులో ఏమీ లేదు కదండీ. పలక వేయించేముందు నేను చూసుకున్నాను."

"నేను రాయలేదండి. తప్పు నాది."

"అంటే ఇన్నేళ్ళూ మా నాన్న పక్కన ఎవరో ఉన్నారా? పలక వేయిస్తుంటే మీరు పక్కనే నిలబడి టీ తాగేరు మాస్టారూ!" నా చంకలోని నూనెగుడ్డ మూటకేసి వేలు చూపించారు. "మీ డైరీ మీరు రాసుకున్నది. అందులో మీరేం రాస్తే అది నిజమైపోద్దా?"

గుమ్మంలోంచి ఆయన భార్య అంది. "ఏమండీ, రెండో కొవ్వొత్తి."

"ఏ కొవ్వొత్తి?"

"అత్తయ్యగారు ప్రతి ఏడూ తన పేరు దగ్గర పెట్టేవారు కదండీ. చేతులు అడ్డుపెట్టి."

ఆయన వానకేసి తిరిగారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "పదేళ్ళయింది కదండీ. ఇంకేం మిగిలుంటుంది? అదే గొయ్యి తీసి అమ్మని అందులోనే పెట్టొచ్చు. అమ్మ అక్కడ ఉండాలండీ మాస్టారూ. నేను నాన్నకి మాటిచ్చేను."

"తియ్యొచ్చండి. లోపలున్నవారి సంబంధీకులు సంతకం పెడితే పాత గొయ్యి తియ్యొచ్చని నిబంధన ఉంది."

"ఆవిడ సంబంధీకులు ఎక్కడున్నారో ఎవరికి తెలుసు?"

డైరీలో పేజీ తీసి ఆయన చేతికిచ్చాను. తల్లి సంతకం ఆయనకి తెలుసు. చిన్నప్పుడు బడిలో ప్రోగ్రెసు కార్డుల మీద చూసిన సంతకం. దాని ముందున్న మాట మీద వేలు పెట్టి ఆగిపోయారు.

"అయితే సంతకం పెట్టాల్సింది..."

"మీరేనండి. అక్క పోయాక, అక్క కొడుకులే కదండీ మిగిలింది."

ఆయన పెరటి మెట్టు మీద కూర్చున్నారు. డైరీ మీద చినుకులు పడుతుంటే కండువా కప్పారు. తలెత్తి అడిగారు.

"ఆవిడ పేరేమన్నారండీ?"

"సత్యవతి."

"సత్యవతి" అని తనలో అనుకున్నారు. తర్వాత లేచి, పలుగులు పట్టుకుని నిలబడ్డ మనుషుల దగ్గరికి వెళ్ళి, "పలక ముట్టుకోకండి. పల్లంలో తవ్వండి" అన్నారు.

పల్లంలో మూడడుగులకే ఊట తగిలింది. ఇద్దరు తోడుతూనే ఉన్నారు. అటక మీద చాప ఒకటి, తాడుతో కట్టి, ఎప్పటిలాగే ఉంది. అది పట్టుకుని పెద్దబ్బాయిగారు తెల్ల పంచె పైకి కట్టుకుని గోతిలోకి దిగారు. మోకాళ్ళదాకా బురద. బకెట్ల వాళ్ళని ఆగమని, చాప విప్పి, నాలుగు మూలలూ చేత్తో అదిమి సరిచేశారు. ఆయన పైకి వచ్చేసరికే చాప తడిసింది.

ఆ సాయంత్రం నేను చర్చి గదిలో రిజిస్టరు తెరిచాను. ముందు సత్యవతి పేరు రాశాను. తుఫాను వెళ్ళిన మూడో రోజు తేదీ. స్థలం, మెరక. సంబంధం, చెల్లెలు. వివరాల గడిలో "పదేళ్ళు ఆలస్యం. తప్పు కార్యదర్శిది" అని రాసి సంతకం పెట్టాను. దాని కింద దొడ్డమ్మగారి పేరు రాశాను. స్థలం, పల్లం. రెండు లైన్లకీ ఎదురుగా పెద్దబ్బాయిగారు సంతకం చేశారు. మర్నాడు కార్యదర్శి పని వదిలేశాను.

ఈ పొద్దున్న కొత్త కార్యదర్శి ఇంటికి వచ్చాడు. ఇదంతా అతనికి చెప్పాను. వినడం అయ్యాక రిజిస్టరు మళ్ళీ తెరిచి, ఆ రెండు లైన్లూ చదువుకున్నాడు.

"మరి కంప్యూటరు తేదీల వరస అడుగుతుందండీ మాస్టారూ. విడగొట్టమంటుంది."

"వద్దండి. ఎలాగైనా అలాగే ఉంచండి" అన్నాను. తోటలో ఒకరు మెరక మీద, ఒకరు పల్లంలో ఉన్నారు. మధ్యన నలభై అడుగులు. ఆ అక్కాచెల్లెళ్ళు పక్కపక్కన ఉన్న చోటు ఈ పేజీ ఒక్కటే.